జి.డి.నాయుడు

గోపాలస్వామి దొరస్వామి నాయుడు (1893 మార్చి 23 - 1974 జనవరి 4) సుప్రసిద్ధ భారతీయ యంత్ర నిర్మాత, పారిశ్రామికవేత్త మరియు విద్యాదాత. జి.డి.నాయుడు అనే పొట్టి పేరుతోనే అందరికీ పరిచితుడు. తెలుగు మాతృభాషగా గల కుటుంబంలో జన్మించిన ఈయన కార్యక్షేత్రం నేటి తమిళనాడులోని కోయంబత్తూరు నగరం. పాఠశాల చదువు ప్రాథమిక దశలోనే ఆగిపోయినా మోటారు వాహనాలు, విద్యుత్ యంత్రాలు, రేడియోలు, క్షవర యంత్రాలు, వ్యవసాయం మొదలైన అనేక రంగాలలో కృషి చేశాడు. అందువలన ఈయనను భారతదేశపు ఎడిసన్ అని వ్యవహరిస్తారు. 1952లో ఈయన తయారుచేసిన రెండు సీట్ల చిన్న కారుకు ప్రభుత్వం లైసెన్సు ఇవ్వనందున అది మార్కెట్టుకు రాలేదు. ఈయన కుటుంబీకులు కోయంబత్తూరులో నెలకొల్పిన కార్ల మ్యూజియం దక్షిణ భారతదేశంలో పాత కార్ల పునరుద్ధరణకు పేరుపొందిన స్థలాలలో ఒకటి.

బాల్యము, విద్య

నాయుడు కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. తండ్రి గోపాలస్వామి నాయుడు. విజయనగర రాజుల కాలంలోను, ఆ తరువాత నాయక రాజుల కాలంలోను తెలుగు దేశం నుండి దక్షిణానికి తరలివెళ్ళిన కుటుంబాలు కొంగునాడులో అనేకం స్థిరపడ్డాయి. నల్లరేగడి నేలల్లో పత్తి పండించి, కాలక్రమాన బట్టల మిల్లులు, పంపుసెట్ల కర్మాగారాలు స్థాపించి, కోయంబత్తూరుకు పారిశ్రామిక నగరమనే పేరు తేవడంలో వీరి పాత్ర పెద్దది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే ఆ వాతావరణంలోనే నాయుడు పెరిగాడు.

బడి చదువు ఆయనకు రుచించలేదు. ఉపాధ్యాయుల మీద ఇసుక చల్లి బడి నుండి వెళ్ళగొట్టించుకున్నాడని ఆయన గురించి చెప్పుకునే కథలలో ఒకటి. బడి మానినా చదవడం మాత్రం మానలేదు. పొలం పనులు చేస్తూనే దొరికిన పుస్తకమల్లా చదివాడు. తరువాతి కాలంలో ఇంజనీరింగు కళాశాల స్థాపనకు కారకుడు కావడం, దానికి ప్రిన్సిపాలుగా కూడా పనిచేయడం ఆ ఇసుక కథను మరింత ఆసక్తికరం చేస్తాయి.

మోటారుసైకిలు

నాయుడు జీవితాన్ని మలుపు తిప్పినది ఒక మోటారుసైకిలు. ఇరవయ్యేళ్ళ ప్రాయంలో ఉండగా ఒక ఆంగ్ల రెవెన్యూ అధికారి తమ ప్రాంతానికి రడ్జ్ కంపెనీ మోటారుసైకిలు మీద రావడం చూశాడు. ఎద్దు గాని గుర్రం గాని లేకుండా తనంతట తాను పరుగెత్తే బండిని ఆయన చూడడం అదే మొదలు. అటువంటిది తానూ కొనాలని నిశ్చయించుకుని కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో సర్వరుగా కుదిరాడు. సుమారు మూడేళ్ళు పైసా పైసా కూడబెట్టి, మూడు వందల రూపాయలకు ఆ మోటారుసైకిలునే కొన్నాడు.

కొన్నవాడు దానిపై ఊరేగలేదు. భాగాలన్నీ ఊడదీశాడు. ఏ భాగం ఏ పని చేస్తుందో, ఏది ఎందులో అమరుతుందో స్వయంగా పరిశీలించి, తిరిగి బిగించి నడిపాడు. మెకానిక్కుగా ఆయన చదువు అంతా ఈ ఊడదీయడంలోను, బిగించడంలోనే జరిగింది. పాత వాహనాలను పునరుద్ధరించేవారు నేడు చేసే పని కూడా తొలి అంకంలో ఇదే.

ఆ తరువాత పత్తి వ్యాపారంలో ప్రవేశించి మొదట బాగా లాభాలు గడించాడు. బొంబాయిలో పెద్ద వర్తకులతో పోటీకి దిగి సంపాదించినది చాలావరకు పోగొట్టుకొని తిరిగి కోయంబత్తూరు వచ్చాడు.

బస్సుల వ్యాపారం

కోయంబత్తూరులోని ఆంగ్లేయ పారిశ్రామికవేత్త రాబర్ట్ స్టేన్స్ సహాయంతో 1920లో నాయుడు ఒక బస్సు కొన్నాడు. దానిని పొల్లాచ్చి - పళని మధ్య తానే నడిపాడు. పళని సుబ్రహ్మణ్యస్వామి క్షేత్రం కాబట్టి యాత్రికులకు కొదవ లేదు. ఒక బస్సు క్రమంగా అనేక బస్సులయింది. యూనివర్సల్ మోటార్ సర్వీస్ (యు.ఎం.ఎస్.) అనే ఆయన సంస్థ దేశంలోనే చక్కగా నడిచే రవాణా సంస్థలలో ఒకటిగా పేరు తెచ్చుకొంది.

ఈ సంస్థ విజయానికి బస్సుల సంఖ్య కన్నా వర్క్‌షాపే ముఖ్య కారణమని చెప్పవచ్చు. ఆ రోజులలో ఇంజన్లు, ఛాసిస్‌లు విదేశాల నుండి ఓడలలో వచ్చేవి. విడిభాగం కావాలంటే నెలల తరబడి ఎదురుచూడాలి. పరాయి దేశపు చలికి తగినట్లు తయారైన యంత్రం ఇక్కడి ఎండలకు, దుమ్ముకు, గుంతల దారులకు తట్టుకోవాలంటే దానిని కొంత మార్చక తప్పదు. కనుక యంత్రాన్ని తయారీదారు పంపిన రూపంలోనే ఉంచాలన్న పట్టింపు నాయుడుకు ఎన్నడూ లేదు.

ఆవిష్కరణలు

1937లో డి.బాలసుందరం నాయుడుతో కలిసి పీలమేడులోని తన నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో విద్యుత్ మోటారును తయారుచేశాడు. భారతదేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా దీనిని పేర్కొంటారు. బావి నీటి మీద ఆధారపడిన కోయంబత్తూరు రైతులకు మోటారు అవసరం ఎంతటిదో చెప్పనక్కరలేదు. బాలసుందరం నాయుడు తరువాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించాడు.

ఐరోపా పర్యటనలలో చూసిన వస్తువులు ఆయనకు కొత్త ఆలోచనలను ఇచ్చాయి. పొడి బ్యాటరీలతో నడిచే చిన్న మోటారు అమర్చిన రసంత్ అనే క్షవర యంత్రం వీటిలో ప్రసిద్ధమైనది. మిక్కిలి పలుచని క్షవర బ్లేడులు, కెమెరాకు దూరం సరిచేసే పరికరం, పండ్లరసం తీసే యంత్రం, కిరోసిన్‌తో నడిచే ఫంకా, మోసానికి తావులేని ఓట్ల నమోదు యంత్రం కూడా ఆయన ఆవిష్కరణలే. 1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేసి ఇవ్వగలనని ప్రకటించాడు. రేడియో ధనవంతుల ఇళ్ళలో మాత్రమే కనిపించే కాలమది.

ఫొటోగ్రఫీ ఆయనకు మరొక వ్యసనం. 1936లో లండనులో జరిగిన అయిదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను స్వయంగా చిత్రీకరించాడు. గాంధీ, నెహ్రూ, సుభాష్ చంద్రబోస్ మొదలైన నాయకులను కూడా తన కెమెరాలో బంధించాడు. పత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటలపై ప్రయోగాలు చేశాడు. ఆయన వ్యవసాయ క్షేత్రాన్ని సి.వి.రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సందర్శించారు. మద్రాసు ప్రావిన్సు శాసనసభ ఎన్నికలలో పోటీచేసి ఓడిపోయాడు.

రెండు వేల రూపాయల కారు

1952లో నాయుడు రెండు సీట్ల పెట్రోలు కారును తయారుచేశాడు. దాని ధర సుమారు రెండు వేల రూపాయలు మాత్రమే. రెండు సీట్ల కారు అనగానే నేటి పాఠకులకు స్పోర్ట్స్ కారు స్ఫురించవచ్చు. నాయుడు ఉద్దేశం అది కాదు. బరువు తగ్గితే చిన్న ఇంజను సరిపోతుంది, చిన్న ఇంజనుకు తక్కువ పెట్రోలు చాలు, అప్పుడు మధ్యతరగతివాడు కూడా కారు కొనగలడు. విచిత్రమేమంటే మంచి స్పోర్ట్స్ కారు వెనుక ఉన్న సూత్రం కూడా బరువు తగ్గించడమే. అక్కడ ఆ లాభం వేగానికి పోతుంది, ఇక్కడ జేబుకు మిగులుతుంది.

ఈ కారు ఉత్పత్తికి ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. నాటి పరిస్థితులను కొంత గమనించాలి. పరిశ్రమల (అభివృద్ధి మరియు నియంత్రణ) చట్టం 1951లో వచ్చి 1952 మే నెలలో అమలులోకి వచ్చింది. ఏ వస్తువు ఎవరు, ఎంత తయారుచేయాలో ఇక ఢిల్లీ నిర్ణయిస్తుంది. 1953లో టారిఫ్ కమిషన్ నివేదిక ఆధారంగా, దేశంలోనే విడిభాగాలు తయారుచేసే ప్రణాళిక కలిగిన కొద్ది కంపెనీలకే మోటారు పరిశ్రమను పరిమితం చేశారు. విదేశీ భాగాలను ఇక్కడ బిగించి అమ్ముతున్న ఫోర్డ్, జనరల్ మోటార్స్ సంస్థలు దేశం విడిచి వెళ్ళాయి. కొరతగా ఉన్న ఉక్కును, విదేశీ మారకాన్ని కొద్దిమంది మధ్యనే పంచాలన్నది ప్రభుత్వ వాదన. ఆ వాదనలో హేతువు లేకపోలేదు. అయితే ఆ జల్లెడలో పెద్ద కంపెనీలు నిలిచాయి, కోయంబత్తూరు వర్క్‌షాపు జారిపోయింది.

తరువాత మూడు దశాబ్దాల పాటు భారతీయులకు దక్కినవి ముఖ్యంగా అంబాసిడర్, ఫియట్ (తరువాతి పేరు ప్రీమియర్ పద్మిని), స్టాండర్డ్ హెరాల్డ్ కార్లు. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి వేచి ఉండవలసి వచ్చేది. చిన్న కారుగా మారుతి 800 వచ్చినది 1983 డిసెంబరులో. అప్పటికి నాయుడు మరణించి దాదాపు పదేళ్ళయింది.

విద్యారంగంలో

1944లో మోటారు వ్యాపార బాధ్యతల నుండి తప్పుకొని, పరిశోధన విద్యార్థులకు వేతనాలు, కార్మికులకు సంక్షేమ పథకాలు ప్రకటించాడు. ఆయన విరాళాలతో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, ఆర్థర్ హోప్ ఇంజనీరింగు కళాశాల ఏర్పడ్డాయి. ఆర్థర్ హోప్ ఆనాటి మద్రాసు గవర్నరు. కోయంబత్తూరులో హోప్స్ అని పిలిచే ప్రాంతానికి ఆ పేరు ఈ విధంగానే వచ్చింది. ఇంజనీరింగు కళాశాల తరువాత వేరొక చోటికి మారి ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయింది.

కళాశాలకు 1945-46లో నాయుడే ప్రిన్సిపాలు. నాలుగేళ్ళ ఇంజనీరింగు కోర్సు వృథా కాలహరణమని, చేతితో పని నేర్పితే అంతకన్నా చాలా తక్కువ కాలం చాలునని ఆయన వాదించాడు. ప్రభుత్వం అంగీకరించకపోవడంతో పదవి వదులుకున్నాడు. సిద్ధాంత జ్ఞానానికి ఆయన ఇచ్చిన విలువ తక్కువేననిపిస్తుంది. కాని చదువు ముగిసినా స్పానరు పట్టడం రాని పట్టభద్రులను చూసినవారికి ఆయన కోపం అర్థం కాకపోదు.

పన్నులతో పోరు

స్వాతంత్ర్యానంతరం అధిక పన్నుల విషయంలో నాయుడుకు ప్రభుత్వంతో తీవ్ర విభేదాలు వచ్చాయి. నిరసనగా 1950లలో తాను తయారుచేసిన రేడియోలు మొదలైన వస్తువులను ప్రజల ఎదుట పగులగొట్టించాడు. దీనిని ధైర్యమని కొందరు, దుబారా అని కొందరు అన్నారు. ఒక్కొక్క మరను చేతులారా బిగించినవాడు వాటిని పగులగొట్టడానికి ఎంత విసిగి ఉండాలో ఊహించవచ్చు.

1967లో కోయంబత్తూరులో శాశ్వత పారిశ్రామిక ప్రదర్శనశాల ఏర్పడింది. నాయుడు 1974 జనవరి 4న మరణించాడు.

కార్ల మ్యూజియం

నాయుడు కుమారుడు జి.డి.గోపాల్ ఆధ్వర్యంలో కుటుంబం సేకరించిన పాత కార్లతో 2015లో అవినాశి రోడ్డులో జీడీ కార్ల మ్యూజియం ప్రారంభమైంది. 1886 నాటి బెంజ్ మూడు చక్రాల మోటారు బండి నమూనా మొదలుకొని బ్రిటన్, జర్మనీ, ఫ్రాన్స్, అమెరికా కార్లు, మన దేశపు పాత కార్లు ఇందులో ఉన్నాయి. రాజుల కార్లకే ప్రాధాన్యం ఇచ్చే ప్రదర్శనశాలలకు భిన్నంగా మోటారు యంత్రం ఎలా ఎదిగిందో చూపడం దీని ప్రత్యేకత. ఇంజనీరింగు విద్యార్థులు చూడదగినది.

పాత కారును ప్రదర్శనకు సిద్ధం చేయడం రంగు వేయడంతో అయ్యే పని కాదు. ముందుగా బాడీని ఛాసిస్ నుండి విడదీస్తారు. పాత రంగును, దాని కింద తరాల తరబడి పేరుకున్న పుటీని రేకు కనిపించేవరకు గీకుతారు. అప్పుడు గాని తుప్పు ఎంతవరకు తిన్నదో తెలియదు. తిన్న మేరకు కోసి కొత్త రేకు అతికి, టింకరింగు చేసి పాత ఒంపులు తెస్తారు. ఇంజనును విప్పి సిలిండర్లకు రీబోరు చేసి కొత్త పిస్టన్లు, రింగులు వేస్తారు. దొరకని భాగాన్ని లేత్ మీద తయారుచేసుకోవాలి. కోయంబత్తూరులో పంపులు, మోటార్లు, మిల్లు యంత్రాలు తయారుచేసే లేత్ షాపులు, ఫౌండ్రీలు విరివిగా ఉండడం ఈ పనికి కలిసి వచ్చింది. ఆ పరిశ్రమలకు పునాది వేసినవారిలో నాయుడు ఒకడు.

పునరుద్ధరణ, ఆధునికీకరణ

పాత కార్ల అభిమానులలో రెండు మతాలు ఉన్నాయి. కారు కర్మాగారం నుండి వచ్చిన నాటి స్థితిలోనే ఉండాలనేది మొదటిది. అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య 2013లో ఆమోదించిన టురిన్ నియమావళి ఈ మార్గాన్ని సమర్థిస్తుంది. వీలైనంత తక్కువగా మార్చాలి, మార్చినది తెలిసేలా ఉండాలి, పాత భాగాన్ని కాపాడాలి అనేవి దాని ప్రధాన సూత్రాలు.

రెండవ మతం రూపాన్ని పాతదిగా ఉంచి లోపలి యంత్రాన్ని నేటికి తగినట్లు మార్చడం. దీనిని రెస్టోమాడ్ అంటారు. 1960ల నాటి స్పోర్ట్స్ కారు చూపులకు ఎంత అందమైనదో వాడుకకు అంత కష్టమైనది. బ్రేకులు బలంగా తొక్కాలి, దీపాలు గుడ్డివి, ట్రాఫిక్కులో ఆగితే ఇంజను వేడెక్కుతుంది. డ్రమ్ము బ్రేకుల స్థానంలో డిస్కు బ్రేకులు, డైనమో స్థానంలో ఆల్టర్నేటరు, పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, రేడియల్ టైర్లు, పెద్ద రేడియేటరు అమరిస్తే అదే కారును రోజూ నడపవచ్చు. కాలిఫోర్నియాలో 2009లో ప్రారంభమైన సింగర్ సంస్థ పాత పోర్షే 911 కార్లను ఈ విధంగా పునర్నిర్మించి లోకప్రసిద్ధి పొందింది. జాగ్వార్ కంపెనీ 1961 నాటి తన ఇ-టైప్ కారు రూపానికి విద్యుత్ మోటారు అమర్చి 2017లో ప్రదర్శించింది.

వీటి ఆకర్షణకు కారణం గతంపై మమకారం ఒక్కటే కాదు. నేటి కారు బానెట్టు ఎత్తితే కనిపించేది ఒక ప్లాస్టిక్ మూత. పాత కారులో కార్బురేటరు, డిస్ట్రిబ్యూటరు, ఫ్యాను బెల్టు కంటికి కనిపిస్తాయి, చేతికి అందుతాయి. నడిపేవాడు తన కారు ఎలా పనిచేస్తుందో తెలుసుకోగలడు. రడ్జ్ మోటారుసైకిలు నాయుడుకు ఇచ్చినది ఆ అవకాశమే.

మన దేశంలో ఈ ఆధునికీకరణ పేరు లేకుండానే చాలాకాలం సాగింది. పెట్రోలు ధర భరించలేక అంబాసిడర్లకు, జీపులకు డీజిలు ఇంజన్లు మార్చుకోవడం ట్రంకు రోడ్డు మీది నాయుడుపేట, గూడూరు వంటి ఊళ్ళవారికి కూడా తెలిసిన సంగతే. ఇది వేడుక కోసం కాక బ్రతుకుతెరువు కోసం చేసిన మార్పు.

నేటి చట్టం మొదటి మతం పక్షాన ఉంది. తయారీదారు నిర్ణయించిన స్వరూపాన్ని మార్చిన వాహనం రిజిస్ట్రేషనుకు తగదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే రకపు ఇంజనును అనుమతితో మార్చుకోవచ్చు. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం 50 ఏళ్ళు దాటిన సొంత వాహనాలకు వింటేజ్ గుర్తింపు ఇచ్చింది. వీటి నంబరులో రాష్ట్రపు అక్షరాల తరువాత వి.ఎ. అని ఉంటుంది. తొలి రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు. ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు ఉండకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకే తప్ప రోజువారీ వాడుకకు పనికిరాదు. ఈ నియమం పాత కార్లను తుక్కుకు పోకుండా కాపాడుతోంది, సందేహం లేదు. అయితే చేతికి వచ్చిన ప్రతి యంత్రాన్నీ మార్చిన నాయుడు తన బస్సులను నేడు తీసుకువస్తే వాటికి ఆ నంబరు దొరకడం కష్టమే.

ఇంధనం మరొక చిక్కు. 2000లో సీసం కలిసిన పెట్రోలు నిలిచిపోవడంతో పాత ఇంజన్లలో గట్టి వాల్వు సీట్లు వేయవలసి వచ్చింది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను, కార్బురేటరు సీళ్ళను పాడుచేస్తుంది. ఎంత శుద్ధ సంప్రదాయవాది అయినా ఈ భాగాలను మార్చక తప్పదు.

కారు పందెములతో సంబంధం

నాయుడుపేట నుండి మద్రాసు వెళ్ళే రోడ్డు పక్కన, షోలవరంలోని యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద 1950ల నుండి 1980ల చివరి వరకు కారు పందెములు జరిగేవి. కొత్త స్పోర్ట్స్ కార్లు దిగుమతి చేసుకోవడం దుర్లభమైన ఆ రోజులలో పాత విదేశీ కార్లను, మన ఫియట్, హెరాల్డ్ కార్లను మార్చి పందెమునకు దించేవారు. కోయంబత్తూరుకు చెందిన ఎస్.కరివర్ధన్ మారుతి 800 ఇంజనుతో ఫార్ములా మారుతి పందెపు కారును రూపొందించి అనేకమంది యువకులకు పందెపు విద్య అందుబాటులోకి తెచ్చాడు. ఆయన 1995లో విమాన ప్రమాదంలో మరణించాడు. కోయంబత్తూరు సమీపంలోని కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీద ఏర్పడినదే. 2005లో ఫార్ములా వన్‌లో పాల్గొన్న తొలి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ కూడా కోయంబత్తూరువాడే. వీరెవరూ నాయుడు శిష్యులు కారు. కాని చిన్న ఇంజనుతో చవకగా కారు కట్టవచ్చునన్న ఆలోచన ఆ ఊరికి కొత్త కాదు.

స్మారకాలు

కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద ఉప్పిలిపాళయం నుండి గోల్డ్‌విన్స్ వరకు నిర్మించిన 10.1 కిలోమీటర్ల పైవంతెనకు తమిళనాడు ప్రభుత్వం జి.డి.నాయుడు పేరు పెట్టింది. దీనిని 2025 అక్టోబరు 9న ప్రారంభించారు. ఆయన వస్తువులు, యంత్రాలు అదే రోడ్డులోని జి.డి.నాయుడు మ్యూజియంలో భద్రపరచబడి ఉన్నాయి.